హూజ్ దగ్గర పోయిన కొడుకు, తరువాత ఇల్లు చేరిన ఫోటో: 1915 నాటి లాడ్జ్ కుటుంబం కేసు

పాతసంచిక (చర్చ ప్రారంభించినవారు)

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో చనిపోయినవారిని పలికించే మీడియంల ఇళ్ళకు జనం ఎందుకు బారులు తీరారన్న ప్రశ్న ఈ వేదికలో ఇదివరకు రెండు మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ "అంతా మోసం", "కాదు, ఏదో ఉంది" అన్న రెండు మాటల దగ్గరే చర్చ ఆగిపోయింది. ఈసారి ఒకే ఒక్క కేసు తీసుకుని, తేదీలను పక్కపక్కన పెట్టుకుని చదువుదామని నా కోరిక.

సర్ ఆలివర్ లాడ్జ్ తీగ లేకుండా సంకేతాలు పంపవచ్చునని 1894లోనే చూపిన భౌతిక శాస్త్రవేత్త, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి మొదటి ప్రిన్సిపాల్. ఆయనకు పన్నెండుమంది సంతానం, వారిలో ఆరుగురు కొడుకులు. కొడుకుల్లో చివరివాడు రేమండ్. ఇంజనీరింగ్ చదివి అన్నల కర్మాగారంలో పనిచేస్తున్న రేమండ్, 1914 సెప్టెంబరులో తనంతట తాను సైన్యంలో చేరాడు. 1915 సెప్టెంబరు 14న బెల్జియంలోని ఈప్ర పట్టణానికి దగ్గరగా, హూజ్ అనే చోట, ఫిరంగి గుండు ముక్క తగిలి కొద్ది గంటల్లో చనిపోయాడు. వయసు 26. ఇంటికి తంతి 17న వచ్చింది.

సెప్టెంబరు 25న తల్లి, లేడీ లాడ్జ్, యుద్ధంలో ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న ఒక ఫ్రెంచి వితంతువుకు తోడుగా, తన పేరు చెప్పకుండా గ్లాడిస్ ఆజ్‌బోర్న్ లెనార్డ్ అనే మీడియం దగ్గరికి వెళ్ళారు. 27న పీటర్స్ అనే ఇంకొక మీడియం ఆమెతో, "మీ దగ్గర ఈ అబ్బాయి ఫోటోలు ఉన్నాయి, ఒకదానిలో మరికొందరితో కలిసి ఉన్నాడు, ఒకదానిలో చేతికర్ర కనిపిస్తుంది" అన్న అర్థంలో చెప్పాడు. గుంపుగా తీసిన అటువంటి ఫోటో ఏదీ ఇంట్లో లేదు. రెండు నెలల తరువాత, నవంబరు 29న, ఆ పటాలంలో పనిచేస్తున్న ఒక సైనిక వైద్యుడి తల్లి నుంచి ఉత్తరం వచ్చింది: ఆగస్టులో అధికారులు దిగిన ఫోటో తమ దగ్గర ఉంది, మీకు ఒకటి పంపమంటారా అని. ఆ ఫోటో రాకముందే, డిసెంబరు 3న, లాడ్జ్ స్వయంగా మిసెస్ లెనార్డ్ ముందు కూర్చుని దాని గురించి అడిగారు. రేమండ్ కూర్చుని ఉన్నాడని, ఎవరో అతని మీదికి ఆనుకోవాలని చూశారని, వెనుక నిలువు గీతల వంటివి ఉన్నాయని జవాబు వచ్చింది. డిసెంబరు 7 మధ్యాహ్నం ఫోటో ఇల్లు చేరింది. రేమండ్ ముందు వరుసలో నేల మీద కూర్చుని ఉన్నాడు, వెనుకనున్న అధికారి చెయ్యి అతని భుజం మీద ఉంది, చేతికర్ర ఉంది, వెనుక ఉన్న కట్టడం మీద నిలువు గీతలు కూడా ఉన్నాయి.

పాత బంగళా, బయట యుద్ధం, రాత్రివేళ బల్ల చుట్టూ నల్ల దుస్తుల్లో కూర్చున్న మనుషులు, చనిపోయినవాడు మాటల్లో వర్ణించాక ఇంటికి చేరిన ఛాయాచిత్రం: కల్పించి రాసినా ఇంతకన్నా గగుర్పాటు కలిగించలేము. దీనిని మీరు ఎలా విప్పుతారు?

కృష్ణలంక

ఈ వివరాలను ఇంత శుభ్రంగా పెట్టినందుకు పాతసంచిక గారికి ముందుగా నా కృతజ్ఞతలు. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి లాడ్జ్ మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే రెండు తేదీలను విడదీయమని అడుగుతున్నాను.

సెప్టెంబరు 27న పీటర్స్ చెప్పినదానిలో ఏముంది? యుద్ధానికి వెళ్ళిన యువ అధికారి ఫోటోలు ఇంట్లో ఉన్నాయని. ఆ ఏడాది ఇంగ్లండులో అటువంటి ఫోటో లేని అధికారి ఇల్లు దొరకడమే కష్టం. తోటి అధికారులతో కలిసి ఫోటో దిగడం ప్రతి పటాలంలోనూ ఉన్న ఆనవాయితీ. చేతికర్ర పట్టుకోవడం అధికారికి దాదాపు యూనిఫారంలో భాగం. పైగా ఆయన "మీ దగ్గర ఉన్నాయి" అన్నాడు, నిజానికి ఆ గుంపు ఫోటో వారి దగ్గర లేదు. అంటే ఆ రోజుకు ఆ మాట తప్పు. రెండు నెలల తరువాత ఫోటో ఒకటి బయటపడ్డాక అదే తప్పు భవిష్యవాణిగా మారింది.

ఇక డిసెంబరు 3. అప్పటికి ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఫోటో ఉన్నదని, అందులో అధికారులు ఉన్నారని, ఆగస్టులో తీశారని లాడ్జ్‌కు తెలుసు, ప్రశ్నలు వేస్తున్నదీ ఆయనే. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం, ఊపిరి, ప్రశ్న అడిగే తీరు చూసి జవాబును సవరించుకుంటూ పోవడం ఈ విద్యలో ఆరితేరినవారికి కష్టం కాదు. ఇరవైమందికి పైగా ఉన్న ఫోటోలో కొందరు నిలబడి కొందరు కూర్చుంటారు. నిజంగా బలమైన అంశం ఒక్కటే, ఆనుకోవడం. అక్కడ కూడా "ఆనుకోవాలని చూశారు, కానీ ఫోటోలో అలా పడిందో లేదో తెలియదు" అన్నదే జవాబు. చెయ్యి ఉంటే ఒప్పు, లేకపోయినా ఒప్పు.

పాతసంచిక

కృష్ణలంక గారి విభజన సబబైనదే. అయితే లాడ్జ్ వైపు నుంచి రెండు విషయాలు చేర్చకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. ఫోటో తీసినది ఆగస్టు 24న. రేమండ్ సెలవు మీద ఇంటికి వచ్చి వెళ్ళింది అంతకుముందు, జూలైలో. కాబట్టి అతను నోటిమాటగా చెప్పి ఉండే అవకాశం లేదు. యుద్ధరంగం నుంచి తిరిగి వచ్చిన సామానులో అతని డైరీ ఉంది. ఫోటో చేరడానికి ముందురోజు, డిసెంబరు 6న, తల్లి ఆ డైరీ తిరగేస్తూ ఉంటే ఆగస్టు 24 దగ్గర ఫోటో తీసుకున్నట్టు చిన్న నమోదు కనబడింది. రెండవది, ఫోటో చేతికి రాకముందే, అందులో తాము ఏమేమి చూడబోతున్నామని అనుకుంటున్నారో లాడ్జ్ రాసి ఒక సహచరుడికి పంపించారు. తన ఊహను తానే ముందుగా ముద్రవేసి బయట పెట్టుకోవడం మోసగాడి పద్ధతి కాదు, ప్రయోగశాల మనిషి పద్ధతి.

1916 నవంబరులో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ సంభాషణలన్నీ దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి. తనను వెక్కిరించడానికి పనికివచ్చే భాగాలు కూడా తీసివేయలేదు. పరలోకానికి కొత్తగా వచ్చినవారు చుట్టలు, విస్కీ సోడా అడిగితే అక్కడ అవి కూడా తయారుచేసి ఇస్తారన్న మాట ఆ పుస్తకంలోనే ఉంది. పత్రికలు దానినే పట్టుకుని సంవత్సరాల తరబడి నవ్వాయి. ఛార్లెస్ మెర్సియర్ అనే వైద్యుడు 1917లో ఏకంగా ఒక ఖండన గ్రంథమే రాశాడు. ఈ రోజు కృష్ణలంక గారు లాడ్జ్‌ను ఖండించగలుగుతున్నారంటే, అందుకు కావలసిన సాక్ష్యాన్ని దాచకుండా అచ్చు వేయించినవాడు లాడ్జే.

వేకువ

నేను ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. ఫోటో కన్నా నన్ను వెంటాడినది దాని మొదటి భాగం. ఈ భాగం గురించి ఎవరూ మాట్లాడరు.

పుస్తకం మూడు భాగాలు. మొదటి దానిలో ఆత్మలు లేవు, మీడియంలు లేరు, యుద్ధరంగం నుంచి రేమండ్ రాసిన ఉత్తరాలు ఉన్నాయి. కందకాలు తవ్వడం, బురద, ఇంటి నుంచి వచ్చిన పార్సిళ్ళు, మెషిన్‌గన్ శిక్షణ. ఇంజనీరు కుర్రవాడికి వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ప్రతి పుటలోనూ కనబడుతుంది. అటువంటి మనిషి రెండవ భాగంలోకి వచ్చేసరికి మెత్తని, రంగు వెలిసిన గొంతుతో, అందరికీ సరిపోయే ఓదార్పు మాటలు చెబుతాడు. పువ్వులున్నాయి, ఇళ్ళున్నాయి, తాతగారు కనిపించారు. బ్రతికి ఉన్నప్పుడు ఒక కందకాన్ని అంత నిశితంగా చూసిన కళ్ళు, మరణం తరువాత మొత్తం ఒక లోకాన్ని చూసి కూడా ఒక్క పనికివచ్చే వివరం చెప్పలేకపోయాయి. నాకు ఫోటో ఇచ్చిన సందేహం కన్నా ఈ రెండు గొంతుల మధ్య తేడా ఇచ్చిన సమాధానం పెద్దది. తండ్రి ఆ రెండు భాగాలను ఒకే అట్టల మధ్య ఎలా కలిపి కుట్టగలిగాడా అని చాలాకాలం ఆలోచించాను. బహుశా ఆయన చదువుతున్నప్పుడు రెండవ భాగానికి కూడా మొదటి భాగపు గొంతే వినబడి ఉంటుంది.

ఇంకొక మాట. మిసెస్ లెనార్డ్ నోట మాట్లాడినది నేరుగా రేమండ్ కాదు, "ఫెడా" అనే మధ్యవర్తి ఆత్మ. ఈ ఫెడా ఎవరంటే, లెనార్డ్ పూర్వీకుడు ఒకరు పెళ్ళాడిన హిందూ బాలిక అని, 1800 ప్రాంతంలో పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో ప్రసవంలో చనిపోయిందని లెనార్డ్ చెప్పుకునేది. ఆ పిల్ల ముద్దుముద్దుగా, వ్యాకరణం లేని ఇంగ్లీషులో, తనను తాను పేరుతో పిలుచుకుంటూ మాట్లాడుతుంది. దేశం నిండా చనిపోయిన తెల్ల అధికారుల కబుర్లు మోసుకొచ్చే పనికి, ఊరూ ఇంటిపేరూ లేని ఒక భారతీయ బాలవధువును నిలబెట్టారు. ఆమె నిజంగా ఉన్నా లేకపోయినా, ప్రసవంలో పోయిన పదమూడేళ్ళ పిల్ల తన గురించి తాను చెప్పుకోవలసినది ఎంతో ఉంటుంది. ఆ ఇళ్ళలో కొడుకుల కబురు అడగడానికి వచ్చినవారికి ఆమె కథ అడిగే తీరిక లేకపోయింది.

కృష్ణలంక

వేకువ గారూ, రెండు గొంతుల తేడా నాకు తట్టలేదు. ఫోటో గురించి నేను రాసిన మొత్తం వాదం కన్నా ఇది బలమైనది. ఒప్పుకుంటున్నాను.

ఎడ్జ్‌బాస్టన్

నేను బర్మింగ్‌హామ్‌లో వైద్యుడిగా పనిచేస్తున్నాను. లాడ్జ్ కుటుంబం ఉన్నది ఇక్కడి ఎడ్జ్‌బాస్టన్ పేటలోనే. ఇంతవరకు జరిగిన చర్చ నచ్చింది, కానీ అందరూ మీడియం వైపే చూస్తున్నారు. ఎదురుగా కూర్చున్నవారికి అంత అవసరం ఎందుకు వచ్చిందో చూడాలి.

ఇంట్లో మరణం అంటే అప్పటివరకు ఇంగ్లండులో ఒక పద్ధతి ఉండేది. మంచం పక్కన కూర్చోవడం, చివరి మాట వినడం, శవానికి దుస్తులు వేయడం, ఊరి చర్చి ఆవరణలో పూడ్చడం, ఆదివారం పూలు తీసుకువెళ్ళడం. యుద్ధం ఈ అంచెలన్నిటినీ ఒక్క దెబ్బకు తెంచింది. శవాలను స్వదేశానికి తీసుకుపోవడాన్ని 1915లోనే నిషేధించారు, డబ్బున్నవారు తెప్పించుకుని లేనివారు ఊరుకోవడం సైన్యంలో అసమానత అవుతుందన్నది ఒక కారణం. యుద్ధం ముగిశాక కూడా ఆ నిర్ణయం మారలేదు. లక్షలాది బ్రిటన్ ఇళ్ళలో చావు జరిగింది కానీ శవం రాలేదు. ఈప్రలో 1927లో ఆవిష్కరించిన మెనిన్ గేటు మీద 54,000కు పైగా పేర్లున్నాయి. వారందరూ సమాధి ఎక్కడో తెలియనివారే. సోమ్ ప్రాంతంలోని తీప్వాల్ స్మారకం మీద అటువంటి పేర్లు 72,000 దాటాయి.

1920 నవంబరు 11న పేరు తెలియని ఒక్క సైనికుడిని తెచ్చి వెస్ట్‌మినిస్టర్ అబీలో పూడ్చినప్పుడు, లక్షల మంది ఆ పెట్టె ముందు నుంచి నడిచి వెళ్ళారు. అందులో ఉన్నది తమ కొడుకే కావచ్చునన్నది ప్రతి తల్లికీ మిగిలిన ఆశ.

పాతసంచిక

మీరు చెప్పినది మొత్తం దేశానికి వర్తిస్తుంది, కానీ రేమండ్ విషయంలో ఒక సవరణ అవసరం. అతనికి సమాధి ఉంది. ఎక్కడ పూడ్చారో కుటుంబానికి తెలుసు. శవం గల్లంతైన కేసు కాదిది.

ఎడ్జ్‌బాస్టన్

నిజమే, నేను కలగలిపి రాశాను. అతని సమాధి మెనిన్ రోడ్డు పక్కన బర్ క్రాస్ రోడ్స్ శ్మశానంలో ఉంది. మూడేళ్ళ క్రితం నేను అక్కడికి వెళ్ళాను. ఈప్ర నుంచి కారులో పది నిమిషాలు కూడా పట్టదు. హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే కొలత తెల్ల రాళ్ళు, వరుసలు వరుసలుగా. కానీ 1915లో ఆ చోటు ఫిరంగుల కింద ఉంది. తల్లికి ఆ చోటు పేరు మాత్రమే తెలుసు, అక్కడికి వెళ్ళడం కుదరదు. సమాధి ఉన్నా లేనట్టే కదా. ఈ మాట మీరు కాదంటే వింటాను.

మోదుగపూలు

ఇంతవరకు చదివి ఊరుకున్నదాన్ని, ఒక లెక్క తట్టింది కాబట్టి రాస్తున్నాను. రేమండ్ పోయినది సెప్టెంబరు 14. తల్లి మొదటిసారి మీడియం ముందు కూర్చున్నది 25. మన లెక్కన అది పన్నెండవ రోజు.

మన ఇళ్ళలో పన్నెండవ రోజంటే సపిండీకరణం. అప్పటిదాకా ప్రేతంగా గడప చుట్టూ తిరుగుతున్నదనుకునే జీవుడి పిండాన్ని తాత ముత్తాతల పిండాలలో కలుపుతారు. ఆ క్షణం నుంచి అతను పితృదేవత, ఇక పేరుపెట్టి వెనక్కి పిలవకూడదు. శవం దొరకనివారికి కూడా మనవాళ్ళు దారి పెట్టారు. మోదుగ ఆకులతోనో దర్భలతోనో మనిషి ఆకారం చేసి, దానికే దహనం జరిపించి, పదిరోజులూ లెక్కపెట్టుకుంటారు. ఆ తల్లికి ఆ పన్నెండవ రోజున చేతికి పని ఇచ్చే కర్మ ఏదీ లేదు. బల్ల మీద చేతులు పెట్టింది. ఒక్కొక్క అక్షరం చదువుతూ ఉంటే సరైన అక్షరం దగ్గర బల్ల వాలుతుంది. ఆ పద్ధతిలో వచ్చిన మాట, నాన్నగారి స్నేహితులు కొందరిని కలిశానని నాన్నకు చెప్పు అని.

అంతమాత్రాన మనకు అంతా బాగుందని చెప్పడం లేదు, ఎందుకంటే మా ఇంట్లో జరిగినది వేరు. మా తాతగారి అన్నగారు రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వైపు వెళ్ళారు. ఉత్తరాలు ఆగిపోయాయి, తరువాత కాగితం ఒకటి వచ్చిందట. తాతగారి నాన్నగారు దర్భలతో కర్మ జరిపించారు. కానీ తాతగారి అమ్మ దానిని ఒప్పుకోలేదు. ఏటా కోతలయ్యాక ఎరుకలామె ఊళ్ళోకి వస్తే సోది అడిగేది. చనిపోయినవారు సోదిలో వచ్చి పలుకుతారు కదా. చేట, బియ్యం, దీపం పెట్టుకుని కూర్చునేది. "పెద్దకొడుకు పలుకుతున్నాడమ్మా" అనగానే ఊఁ కొట్టేది. నీళ్ళ దగ్గర పడిపోయానమ్మా అంటే ఊఁ, అడవిలో పడిపోయానమ్మా అంటే ఊఁ. మా తాతగారు చిన్నవాడిగా పక్కన కూర్చుని ఇదంతా విన్నారు. ఒక ఏడు నీళ్ళు, ఒక ఏడు అడవి ఎలా అవుతుందని అడిగితే, "వాడు వచ్చాడు, అంతే చాలు, ఎక్కడ నుంచి వచ్చాడో నీకెందుకురా" అని కసిరిందట.

కృష్ణలంక

మోదుగపూలు గారూ, ఆ ఊఁ దగ్గరే నా వాదమంతా ఉంది. కానీ మీరు రాసినది చదివాక దానిని నెగ్గినట్టుగా చెప్పుకోవాలని అనిపించడం లేదు. ఆ తల్లి తేడాను గమనించలేదని మనం అనుకుంటాము, ఆమె గమనించింది, పట్టించుకోదలచుకోలేదు. లేడీ లాడ్జ్‌కు కూడా ఇది వర్తిస్తుందేమో. లాడ్జ్‌కు మాత్రం వర్తించదు. ఆయన నీళ్ళా, అడవా అని అడిగే మనిషి, అడిగి అచ్చు వేయించిన మనిషి.

పాతసంచిక

ఇక్కడ ఒక సమాంతర రేఖ గీయాలి. పీటర్స్ ముందు లేడీ లాడ్జ్ కూర్చున్న అదే రోజున, 1915 సెప్టెంబరు 27న, ఫ్రాన్సులోని లూస్ యుద్ధంలో రడ్యార్డ్ కిప్లింగ్ ఏకైక కుమారుడు జాన్ గల్లంతయ్యాడు. పద్దెనిమిదేళ్ళు నిండి అప్పటికి ఆరు వారాలు. చూపు సరిగా లేదని సైన్యం తిరస్కరిస్తే, తండ్రే పలుకుబడి ఉపయోగించి చేర్పించాడు. కిప్లింగ్ చెల్లెలు ట్రిక్స్ స్వయంగా ఆత్మలు తన చేత రాయిస్తాయని నమ్మిన మనిషి, పరిశోధకులకు "మిసెస్ హాలండ్" అన్న మారుపేరుతో తెలిసిన మీడియం. అంటే కిప్లింగ్‌కు తలుపు ఇంట్లోనే తెరిచి ఉంది. ఆయన లోపలికి వెళ్ళలేదు. బైబిలులో సౌలు రాజు మీడియం దగ్గరికి పోయిన ఊరి పేరుతో 1919లో ఒక కవిత రాసి, ఆ దారి ఎక్కడికి తీసుకుపోతుందో హెచ్చరించాడు.

బదులుగా ఆయన 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్‌లో చేరాడు. పేరు తెలియని సైనికుల రాళ్ళ మీద "దేవునికి తెలుసు" అన్న అర్థం వచ్చే వాక్యం ఆయన ఇచ్చినదే. కొడుకు శవం దొరకకుండానే 1936లో కన్నుమూశాడు. 1992లో కమిషన్ ఒక సమాధిని జాన్‌దిగా గుర్తించింది, ఆ గుర్తింపు మీద తరువాత వాదోపవాదాలు కూడా నడిచాయి. ఇద్దరు తండ్రులు, ఒకే నెల. ఒకరు బల్ల ముందు కూర్చున్నారు, ఒకరు రాళ్ళ మీద చెక్కవలసిన మాటల ముందు. కిప్లింగ్ రాజకీయాలు నాకు నచ్చవు, ఆయన మన దేశం గురించి రాసినవి చాలా నొప్పించాయి. అయినా ఈ విషయంలో ఆయన పడిన బాధను తక్కువ చేయలేను.

సముద్రఘోష

షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కోనన్ డాయిల్ పేరు ఇంకా రాలేదు. కొడుకు కింగ్స్‌లీ చనిపోవడం వల్లనే ఆయన ఆత్మలను నమ్మడం మొదలుపెట్టాడని అందరూ రాస్తారు. తేదీలు చూస్తే అది నిలబడదు. డాయిల్ తన నమ్మకాన్ని బాహాటంగా ప్రకటించినది 1916లో. కింగ్స్‌లీ సోమ్‌లో గాయపడి కోలుకుని, 1918 అక్టోబరు 28న, ఇన్‌ఫ్లుయెంజా తరువాత వచ్చిన న్యుమోనియాతో పోయాడు. దుఃఖం ఆయన నమ్మకాన్ని పుట్టించలేదు, అప్పటికే ఉన్న నమ్మకానికి తిరిగి రాలేని లోతు ఇచ్చింది.

ఆ లోతు ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి. విలియం హోప్ అనే ఫోటోగ్రాఫరు, బ్రతికినవారి ఫోటోలలో చనిపోయినవారి ముఖాలు పడేలా చేస్తానని పేరు తెచ్చుకున్నాడు. 1922లో హారీ ప్రైస్ అనే పరిశోధకుడు, ఎక్స్-రేతో రహస్యంగా తయారీ కంపెనీ సింహం గుర్తు వేయించిన, ఫోటో పడే గాజు పలకలను ఇచ్చి ఫోటో తీయించుకున్నాడు. వచ్చిన పలకలలో ఆత్మ ఉంది, సింహం లేదు. పలకలు మధ్యలో మార్చారన్నమాట. అదే ఏడు డాయిల్, హోప్ పక్షాన పుస్తకం అచ్చు వేయించాడు.

లండన్‌లో ఏటా నవంబరు 11న యుద్ధస్మారకం దగ్గర రెండు నిమిషాలు మౌనం పాటించేటప్పుడు అడా డీన్ అనే ఆమె తీసిన ఫోటోలది ఇంకా బాధాకరమైన కథ. గుంపు మీద పొగమంచులా యువకుల ముఖాలు తేలుతూ ఉంటాయి. చూసిన తల్లులు తమ కొడుకులను గుర్తుపట్టారు. 1924లో డైలీ స్కెచ్ పత్రిక ఆ ముఖాలలో కొన్ని బ్రతికి ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళవని, ఒకటి బాట్లింగ్ సికీ అనే మల్లయోధుడిదని బయటపెట్టింది. ఆ తరువాత కూడా కొందరు ఆ ఫోటోలను దాచుకున్నారు.

వేకువ

చిన్న సవరణ: సికీ బాక్సరు, మల్లయోధుడు కాదు. సెనెగల్ నుంచి వచ్చినవాడు, మొదటి యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో స్వయంగా పోరాడినవాడు. ఆ యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడిన సైనికుడి ముఖమే ఆ ఫోటోలో చనిపోయిన సైనికుడిగా చెలామణీ అయింది.

సముద్రఘోష

సవరణకు కృతజ్ఞతలు. నాకు ఆ సంగతి తెలియదు.

రెండవ యుద్ధంలో జరిగిన ఒక కేసు కూడా ఇదే పద్ధతిలో విప్పవచ్చు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బార్హామ్ అనే యుద్ధనౌక 1941 నవంబరు 25న మధ్యధరా సముద్రంలో ఎనిమిది వందల మందికి పైగా నావికులతో మునిగిపోయింది. శత్రువుకు తెలియకూడదని ప్రభుత్వం ఆ వార్తను 1942 జనవరి చివరి వరకు ప్రకటించలేదు. ఈలోగా పోర్ట్స్‌మత్‌లో హెలెన్ డంకన్ అనే మీడియం ముందు, టోపీ పట్టీ మీద ఆ నౌక పేరున్న నావికుడి ఆత్మ కనిపించిందని ప్రచారం. రహస్యం ఆమెకు ఎలా తెలిసింది? జవాబు విచారకరంగా మామూలుది. నావికుల కుటుంబాలకు, ఎవరికీ చెప్పవద్దని కోరుతూ, ప్రభుత్వం ముందే ఉత్తరాలు పంపింది. ఓడరేవు పట్టణంలో వందల ఇళ్ళు ఏడుస్తూ ఉంటే అది రహస్యంగా ఉంటుందా? పైగా యుద్ధకాలంలో టోపీ పట్టీల మీద నౌకల పేర్లు రాయడం మానేశారు. ఆ పట్టీ మీద పేరు ఉండటమే అది కల్పన అనడానికి సాక్ష్యం.

1944లో ఆమెను 1735 నాటి మంత్రవిద్యల చట్టం కింద విచారించి తొమ్మిది నెలలు జైలుకు పంపారు. ఇంత మూఢమైన చట్టాన్ని ఎందుకు తవ్వారని చర్చిల్ హోంమంత్రిని నిలదీశాడు. 1951లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. మా నాన్నగారు నౌకాదళంలో పనిచేశారు. విశాఖలో మా క్వార్టర్స్‌లో ఒక్క ఓడ రాక ఆలస్యమైతే వీధి వీధంతా వంటలు ఆపి గుమ్మాల్లో నిలబడేది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా అందరికీ తెలిసేది. అందుకే బార్హామ్ కేసు నాకు మర్మంగా తోచదు.

ఎడ్జ్‌బాస్టన్

సముద్రఘోష గారి చివరి మాటలు చదివాక పాత ప్రశ్నకు వెనక్కి రావాలనిపించింది. కిప్లింగ్ చేసిన పని గురించి పాతసంచిక గారు చెప్పారు. రాయి మీద పేరు, పేరు లేకపోతే కనీసం ఒక రాయి. అయితే ఆ న్యాయం అందరికీ జరగలేదు. మెసపొటేమియాలో చనిపోయినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. భారతీయులలో మాత్రం అధికారుల పేర్లు చెక్కి, మిగతా సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకెలతో సరిపెట్టారు. వారిలో మన మద్రాసు సాపర్లు (సైనిక ఇంజనీరింగ్ దళంవారు) కూడా ఉన్నారు. ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యంలో మొదటి యుద్ధంలో పోయినవారిలో అంచనాగా 45,000 నుంచి 54,000 మందిని సమానంగా స్మరించలేదని కమిషన్ తానే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వారిలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు.

రెండవ యుద్ధం నాటికి ఆ పద్ధతి మారింది. మోదుగపూలు గారూ, అడగవచ్చో లేదో తెలియదు. రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ శ్మశానంలో ఉన్న స్మారకం మీద, బర్మాలో సమాధి దొరకనివారివి దాదాపు 27,000 పేర్లున్నాయి. అందులో భారతీయ సిపాయిల పేర్లున్నాయి. మీ పెద్దతాతగారి పేరు ఎప్పుడైనా వెతికారా?

మోదుగపూలు

లేదు. అటువంటిది ఒకటి ఉన్నదని కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎడ్జ్‌బాస్టన్

కమిషన్ వెబ్‌సైటులో వెతకవచ్చు, రుసుము లేదు. ఇంటిపేరుతో వెతకకండి, మన పేర్లను వారు చాలా విధాలుగా విరిచి రాశారు. చాలా నమోదులలో ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని ఉంటుంది. తండ్రి పేరు, ఊరి పేరు పెట్టి చూడండి. అక్షరక్రమం నాలుగైదు రకాలుగా మార్చి చూడండి. కాగితం ఏదైనా మిగిలి ఉంటే దాని మీద సైనిక సంఖ్య ఉంటుంది, అన్నిటికన్నా అది నమ్మకమైనది.

మోదుగపూలు

రెండు రోజుల తరువాత రాస్తున్నాను. కాగితం లేదు, ఇల్లు మారినప్పుడు పోయిందని నాన్నగారు చెప్పారు. పేరు మాత్రమే పెట్టి వెతికితే చాలామంది వచ్చారు. తండ్రి పేరు కూడా చేర్చితే ఇద్దరు మిగిలారు, ఇద్దరూ ఆ స్మారకం మీదే ఉన్నారు. ఒకరికి ఊరి పేరు రాయలేదు. రెండవవారికి రాశారు కానీ ఇంగ్లీషు అక్షరాలలో అది మా ఊరో, ఏటికి అవతలి ఊరో తేల్చుకోలేకపోతున్నాను, రెండు పేర్లకూ ఒక్క అక్షరమే తేడా. ఆదివారం ఊరికి వెళ్ళి, మా చిన్నతాతగారి ముందు రెండూ చదివి వినిపిస్తాను. ఆయనకు తొంభై దాటాయి. ఆయన ఊఁ అన్నా నేను వెంటనే నమ్మను, పటాలం పేరు కూడా అడుగుతాను.